అభ్రకం బిళ్ల, ఎలక్ట్రాన్ పుంజం

ఆంధ్రప్రదేశ్‌లోని చిల్లకూరును ఆనుకుని ఉన్న గూడూరు సీమ అభ్రకానికి పేరుపొందింది. పొరలు పొరలుగా చీలి, వేడిని తట్టుకొని, విద్యుత్తును పారనివ్వని ఈ ఖనిజాన్ని పలుచని బిళ్లలుగా కోసి, చిల్లులు పెట్టి, పాత రేడియో వాల్వుల్లో ఎలక్ట్రోడులు కదలకుండా పట్టి ఉంచడానికి వాడేవారు. గాజు బుడ్డిలో పైనొకటి కిందొకటి కనిపించే ఎలక్ట్రోడుల ఎడం కాపాడటంలో ఆ బిళ్లలదే అసలు బాధ్యత అంటే అతిశయోక్తి కాదు.

వాల్వులో వేడెక్కిన కాథోడ్ అనే ఎలక్ట్రోడు నుంచి వెలువడే ఎలక్ట్రాన్లన్నీ రుణావేశం కలవే కనుక ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ముందు బయలుదేరినవి అక్కడే మబ్బులా కమ్ముకొని వెనక వచ్చేవాటికి అడ్డుపడతాయి. ఈ ఆవేశపు గుంపునే స్పేస్ ఛార్జ్ అంటారు. 1911లో చైల్డ్, 1913లో లాంగ్ముయిర్ వివరించిన సూత్రం ప్రకారం, రెండు సమతల ఎలక్ట్రోడుల నడుమ వోల్టేజీ రెట్టింపైతే పారగల గరిష్ఠ విద్యుత్ ప్రవాహం సుమారు 2.8 రెట్లవుతుంది, ఎడం సగమైతే 4 రెట్లవుతుంది. బిళ్లలో చిల్లి వెంట్రుకవాసి పక్కకు జరిగినా లెక్క మారిపోయేది ఇందుకే.

ఎలక్ట్రాన్లు పుంజంగా సాగిపోతున్నప్పుడు కూడా ఈ తోపులాట ఆగదు, పుంజం పక్కలకు ఉబ్బుతుంది. కదిలే ఆవేశాల మధ్య అయస్కాంత ఆకర్షణ కూడా పుట్టే మాట నిజమే గాని, కాంతి వేగంలో ఆరోవంతుతో పోయే పుంజంలో అది వికర్షణలో 36వ వంతు మాత్రమే.

ఈ ఉబ్బును అదుపు చేయక తప్పని చోటు ఉపగ్రహాల్లో ఉంది. చిల్లకూరుకు ఆగ్నేయంగా ఉన్న శ్రీహరికోట నుంచి 2014 జనవరి 5న జీఎస్‌ఎల్‌వీ రాకెట్ మోసుకెళ్లిన జీశాట్-14 ఉపగ్రహంలో సంకేతాలను అందుకొని తిరిగి పంపే కేయూ బ్యాండ్ ట్రాన్స్‌పాండర్లున్నాయి. ఉపగ్రహాల్లో అటువంటి సంకేతాల బలం పెంచడానికి సాధారణంగా వాడేది 1943లో రుడాల్ఫ్ కాంఫ్‌నర్ రూపొందించిన ట్రావెలింగ్ వేవ్ ట్యూబు. అందులో సన్నని తీగచుట్ట నడిబొడ్డున ఎలక్ట్రాన్ పుంజం దూసుకుపోతుంది; పుంజం ఉబ్బి చుట్టను తాకిందా, తీగ కరిగిపోగలదు. దాన్ని అదుపులో ఉంచడానికి ట్యూబు పొడవునా ఉంగరాల్లాంటి శాశ్వత అయస్కాంతాలను ధ్రువాలు తారుమారు చేస్తూ పేరుస్తారు. నొక్కే బలం క్షేత్ర తీవ్రత వర్గాన్ని బట్టి ఉంటుంది తప్ప దిశను బట్టి కాదు కాబట్టి, ఒకే పొడవాటి బరువైన అయస్కాంతంతో పని లేకుండా పోతుంది. అలాగని మితిమీరి నొక్కితే, పుంజం ఇరుకై మళ్లీ ఉబ్బుతూ అలలు అలలుగా ఊగుతుంది.

ఇక ఆ తీగచుట్టను కదలకుండా పట్టి ఉంచే పని పింగాణీ జాతి కడ్డీలకు దక్కింది. అభ్రకానికి అక్కడ చోటు లేకపోయింది.