పిల్లలకు దెయ్యాల కథలు తగునా?

దెయ్యాల సినిమాలు పిల్లలకు చూపించవచ్చా, భయపెట్టే కథలు చెప్పవచ్చా అని సంఘంలోని తల్లిదండ్రులు మమ్మల్ని తరచుగా అడుగుతుంటారు. వద్దని ఒక్క మాటతో తేల్చేయడం సులువే. కానీ ముందుగా మన సండే స్కూలులో ఏ కథలు చెబుతున్నామో చూసుకోవాలి. గొల్యాతు తల నరికిన దావీదు, సింహాల గుహలో దానియేలు, లోకాన్ని ముంచిన జలప్రళయం. వీటిలో భయం లేనిది ఏది? సౌలు రాజు ఏన్దోరులో చనిపోయిన సమూయేలును రప్పించుకుని, భయంతో నేలకూలిన రాత్రి కూడా పరిశుద్ధ గ్రంథంలోనే ఉంది (1 సమూయేలు 28). దాన్ని చిన్న తరగతికి చెప్పే టీచరు ఉండరనుకోండి.

1947లో మొదలైన ‘చందమామ’ చదివి పెరిగినవారికి, శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మ గుర్తుండే ఉంటుంది. ఆ కథలు పిల్లల్ని భయంలో వదిలేసి పోవు. బేతాళుడు చివర ఒక చిక్కు ప్రశ్న వేస్తాడు. న్యాయం ఎవరి వైపు ఉందో ఆలోచిస్తూ పిల్లవాడు శవం సంగతే మరచిపోతాడు. పైగా పుస్తకంలోని దెయ్యాన్ని తాను తట్టుకోగలిగినంతే ఊహించుకుంటాడు. తెరమీది దెయ్యం ఎంత ఉండాలో, ఎంత గట్టిగా అరవాలో నిర్ణయించేది దర్శకుడు.

పిల్లల భయాలపై ఏళ్ల తరబడి పరిశోధన చేసిన అమెరికా ఆచార్యురాలు జోవాన్ కాంటర్ ఒక సంగతి గమనించారు. ‘ఇన్‌క్రెడిబుల్ హల్క్’ టీవీ సీరియల్‌లో కథానాయకుడు పచ్చని భారీకాయుడిగా మారి ఆపదలో ఉన్నవారిని ఆదుకుంటాడు. అయినా చిన్నపిల్లలు ఆ మారే దృశ్యానికే బెదిరారు. వాళ్లు చూసేది రూపాన్ని. కాస్త పెద్దపిల్లలైతే నిజంగా జరగగల కీడుకు భయపడతారు. కాబట్టి నాలుగేళ్ల బిడ్డకు “అదంతా గ్రాఫిక్స్ నాన్నా” అని చెప్పి లాభం లేదు. దగ్గరకు తీసుకోవాలి, లైటు వేయాలి, తినడానికి ఏదైనా పెట్టాలి.

ప్రభువు చేసిందీ అదే. పునరుత్థానుడై మధ్యలో నిలిచిన ఆయనను శిష్యులు భూతమనుకుని వణికిపోయారు (లూకా 24:36-43). పెద్దవాళ్లే! ఆయన నోటిమాటతో సరిపెట్టలేదు. చేతులు, పాదాలు చూపించి, తాకి చూడమన్నాడు. తినడానికి ఏమైనా ఉందా అని అడిగి, వాళ్లు ఇచ్చిన చేప ముక్కను వాళ్ల కళ్లెదుటే తిన్నాడు. యాయీరు కుమార్తెను బ్రతికించినప్పుడు కూడా ఆ పన్నెండేళ్ల పిల్లకు ఆహారం పెట్టమన్నాడు.

2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి ‘యూఏ’ సర్టిఫికెట్‌ను 7, 13, 16 ఏళ్ల వారీగా విడదీశారు. టికెట్ కొనేముందు ఆ అంకె చూడండి. అయితే అది సూచన మాత్రమే, మీ బిడ్డ గుండె ఎంత మెత్తనిదో సెన్సారు బోర్డుకు తెలియదు. పదమూడేళ్ల పిల్లవాడు నాన్న పక్కన కూర్చుని చూసే సినిమా కన్నా, ఏడేళ్ల పిల్ల దుప్పటి కప్పుకుని ఫోన్‌లో ఒంటరిగా చూసే రెండు నిమిషాల వీడియోకే మా అభ్యంతరం ఎక్కువ.

అన్నం తినకపోతే బూచోడికి పట్టిస్తామని బెదిరించే ఇంట్లో సినిమాలు మానిపించి ప్రయోజనమేమిటి? ఆ భయం అమ్మ నోటి నుండే వస్తున్నప్పుడు బిడ్డ ఎవరి చాటుకు పరుగెత్తాలి?

మన కూడికల సంగతి కూడా చెప్పుకోవాలి. దయ్యాలు పట్టినవారి కోసం కేకలు వేస్తూ ప్రార్థిస్తుంటే, ముందు వరుసలో చాపమీద ఐదేళ్ల పిల్లలు కూర్చుని ఉంటారు. జుట్టు విరబోసుకుని పొర్లాడే మనిషిని వాళ్లు కళ్లార్పకుండా చూస్తుంటారు. దానికి ఏ సర్టిఫికెట్ ఇద్దాం? అలాంటి ప్రార్థన మొదలుకాక ముందే ఒక టీచరు వాళ్లను పక్క గదికి తీసుకెళ్లి పాటలు పాడించవచ్చు. అప్పటికే చూసేసిన పిల్లలు ఆ రాత్రి లైటు ఆర్పవద్దంటే, ఆర్పకండి.