ఎలుక ఆడిన జూదం: అపోహలు – వాస్తవాలు

సంక్రాంతి రోజుల్లో వేటపాలెం చుట్టుపక్కల పేకాట దగ్గర కాసేపు నిలబడితే ఈ మాట వినబడకపోదు: ‘ఒక్క ముక్క! అది పడుంటే షో కొట్టేవాణ్ణి.’ పోయిన డబ్బు ఊసు ఉండదు, అందకుండా పోయిన ముక్క గురించే చర్చంతా. ఈ బలహీనతను ఎలుకల్లో వెతికారంటే మాత్రం ఆ గుంపే నవ్వుతుంది. ఎలుకకు డబ్బేమిటి, పందెమేమిటి?

డబ్బుతో పనిలేదు. తిండి, సమయం ఉంటే చాలు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన కాథరిన్ విన్‌స్టాన్లీ, సహచరులతో కలిసి 2009లో ఒక పరీక్షను ప్రచురించారు. పెట్టెలో నాలుగు రంధ్రాలుంటాయి. ఒకదాంట్లో మూతి పెడితే 80 శాతం సార్లు రెండు చక్కెర బిళ్లలు వస్తాయి, రాకపోతే 10 సెకన్లు ఊరకే కూర్చోవాలి. ఇంకోదాంట్లో ఏకంగా నాలుగు బిళ్లలు. కానీ అవి వచ్చేది 40 శాతం సార్లే, తప్పితే 40 సెకన్ల శిక్ష. అరగంట ఆట ముగిసేసరికి నాలుగు బిళ్లల రంధ్రాన్నే నమ్ముకున్న ఎలుకకు దక్కేది, రెండు బిళ్లలతో సరిపెట్టుకున్నదానికి దక్కేదాంట్లో నాలుగో వంతు.

అయితే ఎలుకలన్నీ అత్యాశకు పోతాయనుకుంటే పొరపాటు. ఎక్కువ భాగం రెండు బిళ్లల దారే పట్టాయి. నష్టమొచ్చినా పెద్ద బహుమతి రంధ్రాన్ని వదలనివి కొన్నే. శాస్త్రజ్ఞుల కళ్లన్నీ ఆ కొన్నింటి మీదే. గెలుపుకు మెరిసే దీపాలు, మోగే శబ్దాలు జతచేసిన ఆటలో ఎలుకలు ప్రమాదకరమైన రంధ్రాల వైపు మరింతగా మొగ్గాయని 2016లో అదే ప్రయోగశాల తేల్చింది. బిళ్లల లెక్క మారలేదు, హంగామా మాత్రమే పెరిగింది. ఫోన్‌లో రమ్మీ గెలవగానే తెర మీద నాణేలు ఎందుకు కురుస్తాయో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఇక ‘ఒక్క ముక్క’ సంగతి. 2011లో ఎలుకల కోసం స్లాట్ మెషీన్ లాంటి ఆట తయారుచేశారు. మూడు దీపాలూ వెలిగితే ఒక మీట నొక్కి 10 బిళ్లలు తీసుకోవచ్చు. ఒక్కటి ఆరినా ఆ మీట నొక్కితే శిక్షే, ఇంకో మీటతో కొత్త ఆట మొదలుపెట్టాలి. రెండు దీపాలే వెలిగినప్పుడు కూడా ఎలుకలు చాలాసార్లు గెలిచినట్టే బహుమతి మీట నొక్కాయి. మెదడులో డోపమిన్ పనిని అనుకరించే క్విన్‌పిరోల్ అనే మందు ఇస్తే ఆ తప్పులు ఇంకా పెరిగాయి. పార్కిన్సన్స్ రోగుల్లో కొందరికి, అలాంటి కోవకే చెందిన ప్రామిపెక్సోల్ వాడాక, అంతకుముందు లేని జూదం పిచ్చి పట్టుకోవడం వైద్యులకు తెలిసిందే.

పావురాలూ తక్కువేమీ కాదు. ప్రతిసారీ మూడు గింజలిచ్చే మీటను కాదని, అయిదుసార్లకు ఒకసారి పది గింజలిచ్చే మీటనే అవి కోరుకుంటాయని అమెరికాలో థామస్ జెంటాల్ చూపించారు. సగటున అక్కడ వచ్చేది రెండు గింజలే!

కోడిపందెం చూసినవాళ్లు ‘జంతువులతో జూదం మనకు కొత్తా?’ అంటారు. బరిలో కోడి పందెం కాయదు, కత్తి కట్టించుకుని చస్తుంది. కాసేవాళ్లు చుట్టూ ఉంటారు. జంతువులను పోట్లాడించడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం కూడా.

‘రమ్మీ తెలివితేటల ఆట, అది వ్యసనం కాదు’ అనేది మరో ధీమా. 1960ల్లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటే అంది, నిజం. అది చట్టానికి సంబంధించిన తీర్పు, మెదడుకు సంబంధించింది కాదు. పందెం కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించింది.

అలాగని ఎలుకను మనిషికి అచ్చు నకలనుకోవడమూ అపోహే. ఓడిన ఎలుక కాసేపు ఆకలితో ఎదురుచూస్తుంది, అంతకుమించి పోగొట్టుకునేదేమీ లేదు. తాకట్టు పెట్టడానికి భార్య పుస్తెలుండవు, లోన్ యాప్ నుంచి బెదిరింపు ఫోన్లు రావు, పోయిన సొమ్ము రాబట్టుకోవాలని మర్నాడు మళ్లీ అప్పుచేసి కూర్చోదు. పెట్టెలో ఫలితమిచ్చిన మందులు మనిషి దగ్గరికొచ్చేసరికి తేలిపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. జూద వ్యసనానికంటూ అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదం పొందిన మందు ఇంతవరకు ఒక్కటీ లేదు. రోగి ఆలోచనా తీరును మాటలతో మార్చే చికిత్సనే వైద్యులు ఇప్పటికీ ముందు సూచిస్తున్నారు.