జవాబు వ్రాయని నేరము



నల్లగొండ, సూర్యాపేటల దిక్కునుండి వచ్చువారికి హైదరాబాదు నగరము మొదట ఎదురుపడునది ఎల్.బి.నగరు కూడలికడనే. బత్తాయిలోడులతో గడ్డిఅన్నారము పండ్ల మార్కెట్టునకు వచ్చిపోయినవారికి ఈ త్రోవ క్రొత్త గాదు. ఆ మార్కెట్టు బాటసింగారమునకు తరలిపోయినది గాని త్రోవ యదియే. ఎల్.బి.నగరునుండి కొత్తపేట, చైతన్యపురి దాటి దిల్‌సుఖ్‌నగరు చేరులోపల మెట్రోరైలు స్తంభముల కిరుప్రక్కల మేడలన్నియు బోర్డులతో నిండియుండును. 2018 సెప్టెంబరులో అమీరుపేటనుండి ఎల్.బి.నగరు వఱకు రైలు నడువ నారంభించినది. నాటినుండి రైలులోనివారు చదువుకొనుటకు వీలుగా ఆ బోర్డులు రెండవ యంతస్తునకు ఎగబ్రాకినవని నాకు తోచును. దంతవైద్యులు, పిల్లల వైద్యులు, ఆడిటర్లు నందుందురు. రంగారెడ్డి జిల్లా న్యాయస్థానములు ఎల్.బి.నగరునందే యుండుటచేత న్యాయవాదుల కార్యాలయములును అచట దట్టము. ఆ బోర్డులలోని పేరులు పెక్కు మీ కొడుకులవి, కోడండ్రవి, అల్లుండ్రవి. కావుననే ఈ విషయము మీతో ముచ్చటింపదలచితిని.

బోర్డుమీద పేరు క్రింద చిన్న యక్షరములతో నొక సంఖ్య యుండును. మనము పేరును, బిరుదులను చదివి సంఖ్యను విడిచిపెట్టుదుము. నిజమునకు చదువదగినది ఆ సంఖ్యయే. బిరుదు విశ్వవిద్యాలయ మిచ్చినది. ఒకమాఱిచ్చిన పిమ్మట సాధారణముగా దాని జోలికి రాదు. సంఖ్య యట్లు గాదు. వైద్యులకు వైద్యమండలియు, న్యాయవాదులకు బార్ కౌన్సిలును, ఆడిటర్లకు చార్టర్డు అకౌంటెంట్ల సంస్థయు తమ పట్టికలో పేరు వ్రాసికొని యిచ్చిన సంఖ్య యది. పట్టికలో పేరున్నంతకాలమే వృత్తి. పేరు కొట్టివేయబడిన మఱునాడు ఎంత చదివినవాడైనను బోర్డు దింపవలసినదే.

పేరు కొట్టివేయుట యనగనే కక్షిదారు సొమ్ము మ్రింగినవాడు, దొంగలెక్కలకు సంతకము పెట్టినవాడు మనకు తోచుదురు. నేను చెప్పబూనినది వారినిగూర్చి గాదు. అట్టి పాప మేదియు చేయకయే, తమ్మేలెడు సంస్థ వ్రాసిన జాబునకు బదులు వ్రాయకపోవుటచేతనే దండింపబడువారు గలరు. ఊరిలో జాబునకు జవాబు వ్రాయనివానిని సోమరి యందుము, మఱి కోపమున్నచో గర్వి యందుము. నేరస్థు డనము. వృత్తిచట్టములు మాత్రము ఆ మాటయే యనుచున్నవి.

1949నాటి చార్టర్డు అకౌంటెంట్ల చట్టము మొదటి షెడ్యూలు మూడవ భాగమున ఈ సంగతి స్పష్టముగా నున్నది. సంస్థ గాని, దాని కమిటీలు గాని, క్రమశిక్షణాధికారి గాని కోరిన సమాచారము నియ్యకపోవుటయే వృత్తిదోషము. ఆ సమాచార మెంత స్వల్పమైనను సరే. ఆ సంస్థవారి పూర్వనిర్ణయములలో నొకదానిని వినుడు. ఒక ఆడిటరు వేరొకరికడ జీతమునకు కుదిరి, పిదప మానుకొనెను. ఏ తేదీని మానుకొంటివో తెలుపుమని సంస్థ వ్రాసెను. అతడు బదులు వ్రాయలేదు. అడిగినది ఒక్క తేదీ! దానికే యతడు దోషి యని నిర్ణయింపబడెను. మఱియొకడు తన పేరు పట్టికనుండి తొలగియున్నను శిష్యునికి శిక్షణ యిచ్చుచుండెను. ఇదెట్లని యడిగిన సంస్థకు బదులే లేదు. ఆ మౌనమునకు వేఱుగా దోష మంటినది. ఇట్టి దోషమునకు 2006నాటి సవరణ మూడు విధముల దండన లేర్పఱచినది: మందలింపు, మూడు నెలలకు మించకుండ పేరు తొలగింపు, లక్ష రూపాయలకు మించని జరిమానా.

తేదీ చెప్పకపోయినందుకు ఇంత యేల యని మీ రడుగవచ్చును. వృత్తిమండలికి పోలీసులు లేరు, తలుపు తట్టువారు లేరు. దిల్‌సుఖ్‌నగరు సందులో మూడవ యంతస్తున ఏమి జరుగుచున్నదో చూచుటకు దానికి గల కన్ను ఒక్క జాబే. ఆ జాబునకు విలువ లేనిచో పట్టిక వట్టి కాగితము. పట్టిక కాగితమైనచో, నల్లగొండనుండి బిడ్డ నెత్తుకొని వచ్చిన తల్లి బోర్డుమీది సంఖ్యను నమ్ముటకు ఆధార మేమున్నది?

ఇది తెల్లవారు తెచ్చిన క్రొత్తవింత యని కొందఱనుకొందురు. అట్లు గాదు. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున, పిలువబడి యేమియు పలుకనివాడు వాదమున హీనుడగుటయే గాక దండ్యుడును అగునని యున్నది. నారదస్మృతి హీనవాదులను ఐదు తెఱగులుగా విభజించినది. వారిలో నిరుత్తరు డొకడు, పిలిచినంతనే పాఱిపోవు ఆహూతప్రపలాయి మఱియొకడు. చూడుడు, మన పెద్దలు ఊరకుండువానిని, పాఱిపోవువానిని ఒక్క పంక్తినే కూర్చుండబెట్టిరి.

పాశ్చాత్యదేశములలో దీనికి మఱియొక రూప మున్నది. ఇంగ్లండున 1858లో వైద్యచట్టము పుట్టినపుడు దాని 14వ సెక్షనులో ఇట్లేర్పఱచిరి. వైద్యుడు వృత్తి మానినాడా, నివాసము మార్చినాడా యని రిజిస్ట్రారు పట్టికలోని చిరునామాకు జాబు వ్రాయవచ్చును. ఆఱు నెలలలో బదులు రానిచో పేరు తుడిచివేయవచ్చును. కౌన్సిలు ఆజ్ఞయైనచో మరల చేర్చవచ్చును. ఇందు నేరారోపణయే లేదు, వట్టి కుశలప్రశ్న! మన దేశమున బొంబాయిలో 1912లోను, మద్రాసు, బంగాళములలో 1914లోను వైద్యుల పట్టికలకు చట్టములు వచ్చినవి. ఆంధ్రప్రదేశమునకు 1968లో చట్టము వచ్చినది. అమెరికాలో న్యాయవాదుల సంఘము 1983లో ఆమోదించిన ఆదర్శనియమములలోను, క్రమశిక్షణాధికారులు న్యాయముగా కోరిన సమాచారమునకు తెలిసియుండి బదులీయకపోవుట దోషమని యున్నది. మీ పిల్లలు సముద్రములు దాటి వృత్తులు చేయుచున్నారు గనుక ఇదియు చెప్పితిని.

న్యాయవాదుల విషయమున మన చట్టము కొంచెము వేఱు. 1961నాటి అడ్వొకేట్ల చట్టము 35వ సెక్షను క్రింద ఫిర్యాదు క్రమశిక్షణా కమిటీకి చేరినపుడు న్యాయవాదికి నోటీసు పోవును. అతడు రానిచో కమిటీ అతని పరోక్షమున విచారణ జరుపవచ్చును. ఇచట మౌనము వేఱొక దోషమని లెక్కింపకున్నను, ఎదుటివాని మాట యొక్కటే కాగితముమీద మిగులును. నా యభిప్రాయమున ఇది జరిమానాకంటె భయంకరము. నోటీసు దండన గాదు, అతని నోటికి ఇచ్చిన అవకాశము. దానిని చించివేసినవాడు తన నోటినే కుట్టుకొన్నవాడగును.

వైద్యులనుగూర్చి మీకు పనికివచ్చున దొకటి యున్నది. 2002నాటి వైద్యుల నీతినియమముల ప్రకారము, ఆస్పత్రిలో చేరిన రోగి చికిత్సాపత్రములను మూడేండ్లు భద్రపఱుపవలెను. రోగి గాని, అతని పక్షమువారు గాని, న్యాయాధికారులు గాని కోరినచో 72 గంటలలో ఇయ్యవలెను. కావున వైద్యుడు బదులు చెప్పవలసినది మండలికే కాదు, మీకును. నోటితో అడిగి ఊరకుండక, వ్రాసి యడిగి, ముట్టినట్లు సంతకము తీసికొనుడు.

ఇక జాబు చేరుట యన నేమి? 1897నాటి జనరల్ క్లాజుల చట్టము 27వ సెక్షను ప్రకారము, సరియైన చిరునామా వ్రాసి, తపాలారుసుము చెల్లించి, రిజిస్టరు చేసి పంపిన జాబు మామూలు కాలములో చేరినట్లే లెక్క. చేరలేదని నిరూపించు భారము చేరలేదన్నవానిదే. 2007లో సుప్రీంకోర్టు ఒక చెక్కు కేసులో ఈ సంగతిని విశదీకరించినది. పుచ్చుకొన నిరాకరించినాడని, ఇంటికి తాళమున్నదని, ఊర లేడని తపాలావారు వ్రాసి త్రిప్పిపంపినను, నోటీసు అందినట్లే భావింపవచ్చును. పోస్టుమాను కవరు చూపగానే తలుపు వేసికొనుట తెలివి యనుకొనువారు ఇది వినవలెను.

ఇచటనే మీ యరుగు వచ్చును. చదువు ముగిసిననాడు పిల్లవాడు పట్టికలో వ్రాయించునది స్వగ్రామపు చిరునామా. తరువాత దిల్‌సుఖ్‌నగరులో అద్దెయిల్లు, పిదప ఎల్.బి.నగరు ఆవల సొంతయిల్లు, ఇంతలో ఫోనును ఈమెయిలును మాఱిపోవును. పట్టికలో మాత్రము మీ యూరే నిలిచియుండును. నాకడ చదివిన యొకని విషయమున ఇట్లే జరిగెను. అతని మండలినుండి వచ్చిన జాబును తండ్రిగారు సంతకము చేసి పుచ్చుకొని, దసరాకు వచ్చినపుడిత్తమని వేంకటేశ్వరుని పటము వెనుక భద్రముగా దాచిరి. గడువు శ్రావణములోనే తీఱినది. ఫిర్యాదులో పస లేదు, అది తరువాత కొట్టువడినది. కాని ఏల బదులీయవైతివను ప్రశ్నకు అతడు పనులు మానుకొని పలుమాఱులు తిరుగవలసివచ్చెను.

మండలులనుగూర్చియు ఒకమాట యనక తప్పదు. ఆడిటర్ల విషయమున 2007నాటి నియమములు ఫిర్యాదు ప్రతి అందిన 21 దినములలో బదులీయుమన్నవి. కోరినచో మఱి 30 దినములకు మించకుండ పొడిగింపు. బదులు రానిచో చెప్పుకొనున దేమియు లేదని తలపబడును. మంచిదే. మఱి అడిగినవారి గడువు మాట? న్యాయవాదులపై ఫిర్యాదును రాష్ట్ర కౌన్సిలు ఒక యేడాదిలో తేల్చవలెనని, లేనిచో అది భారత బార్ కౌన్సిలునకు పోవునని చట్టమే యున్నను, 2021లో సుప్రీంకోర్టు ఆ యేడాది గడువును మరల గుర్తుచేయవలసివచ్చినది. అన్యులను దినములు లెక్కించి దండించువారు తాము ఏండ్లు గడుపుట న్యాయము గాదు.

జాబు వచ్చిననాడు కవరుమీదనే తేదీ వేసి, ఆ సాయంకాలమే పిల్లవానికి ఫోను చేసి చదివి వినిపింపుడు. బదులు పెద్దది కానక్కఱలేదు. అడిగినదానికి చెప్పి, కాగితములు సిద్ధముగా లేనిచో గడువు కోరిన చాలును. పంపిన రసీదును మాత్రము పాఱవేయరాదు. చిరునామా మాఱినచో దానిని మండలికి వ్రాతమూలముగా తెలుపుమనుడు. గడువు దాటిన జాబు పటము వెనుక ఇప్పుడు దొరకినను దాచకుడు. ఎప్పుడు వచ్చినదో, ఎవరు పుచ్చుకొనిరో, ఏల ఆలస్యమైనదో ఉన్నదున్నట్లు వ్రాయించి, ఆ కవరు నకలు జతపఱచి, మఱునాటి టపాలోనే పంపింపుడు.