స్లో స్క్రూ జోలికి చివరనే పోవాలి

2024 ఫిబ్రవరి. మేడారం జాతరకు ఇంకా వారం ఉంది. హనుమకొండలో అక్కను, మొక్కు బెల్లాన్ని ఎక్కించుకొని ములుగుకు తిరిగి వస్తున్నాను. మేడారం దారి పట్టిన బండ్లన్నీ ఆగినట్టే నేనూ గట్టమ్మ తల్లి గుడి దగ్గర ఆగాను. అక్క కొబ్బరికాయ పట్టుకొని దిగింది. గేరు న్యూట్రల్ చేసి కాలు తీశాను. ఇంజన్ తగ్గలేదు. ఎవరో యాక్సిలరేటర్ తొక్కిపట్టినట్టు రయ్యిమంటూనే ఉంది.

"తమ్మీ, బండి గట్ల మొత్తుకుంటున్నదేంది?" అంది అక్క.

మాది 1996 నాటి మారుతి 800. మూడు సిలిండర్లు, 796 సీసీ. కార్బురేటర్ బండి. బాపు కొన్నాడు, ఆయన పోయాక నేను నడుపుతున్నాను. ఇప్పటి కార్లలో పెట్రోలు ఎంత పోవాలో కంప్యూటర్ లెక్క కడుతుంది. మా బండిలో ఆ పని గాలి, సన్నటి రంధ్రాలు, స్ప్రింగులు, రెండు మూడు స్క్రూలు కలిసి చేస్తాయి. అందుకే దాని రోగాన్ని కంటితో చూడొచ్చు, చెవితో వినొచ్చు.

కాలు తీసినా ఇంజన్ రేసులో ఉండటం చిన్న సంగతి కాదు. పస్రా నుంచి నార్లాపూర్ మీదుగా మేడారం పోయే దారిలో జాతర రోజుల్లో బండ్లు అడుగడుగునా ఆగుతాయి. అక్కడ మొదటి గేరులో బండి తనంతట తానే ముందున్న బండి మీదికి తోసుకుపోతుంది. బ్రేకు మీద బరువు పడుతుంది, క్లచ్ అరుగుతుంది, పెట్రోలు ఊరికే కాలుతుంది. పదిహేనేళ్లు దాటిన కారుకు అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. అప్పుడు పొగ పరీక్ష కూడా కావాలి; దాన్ని ఇంజన్ ఐడిల్ మీద, అంటే కాలు తీశాక నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే చేస్తారు. ఇంత పాత పెట్రోలు కారు పొగలో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాటకూడదు. ఐడిల్ సరిగా లేని బండికి ఆ పరీక్షలో నమ్మకం లేదు.

అంతకు నెల ముందే ఒక షెడ్డులో చూపించాను. ఐడిల్ వేగాన్ని మార్చే స్లో స్క్రూ తిప్పి నిమిషంలో చప్పుడు తగ్గించారు. మర్నాడు పొద్దున చల్లటి ఇంజన్ స్టార్టయి ఆగింది, మళ్లీ స్టార్టయి ఆగింది. తిరిగి పోతే స్క్రూ బిగించి పెంచారు. అలా రెండుసార్లు తిరిగాను. గట్టమ్మ దగ్గరి నుంచి ఈసారి నేరుగా ములుగులోని పాత మేస్త్రి దగ్గరికి పోయాను. అంబాసిడర్లు, ఫియట్‌లు బాగుచేసి చెయ్యి తిరిగిన మనిషి. నేను బానెట్ ఎత్తి స్క్రూ వైపు చెయ్యి పెట్టగానే ఆపాడు.

"సారూ, గా స్క్రూను ముందుగల్ల ముట్టకుండ్రి. గాలి ఏడికెళ్లి పోతున్నదో చూసినంక దాని సంగతి."

ఆ ఒక్క మాటలో విషయమంతా ఉంది. కార్బురేటర్ గొంతులో ఒక చిన్న రేకు ఉంటుంది, థ్రాటిల్ అంటారు. కాలు తీస్తే అది దాదాపు మూసుకుంటుంది. సందులోంచి పోయే కాస్త గాలి, సన్నటి రంధ్రంలోంచి వచ్చే కాస్త పెట్రోలుతో ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంది. వేడెక్కిన ఇంజన్ నిమిషానికి సుమారు 900 చుట్లు తిరిగితే చాలు. అంతకు మించి పరుగెడుతోందంటే ముందు అనుమానించాల్సినవి రెండు: రేకు పూర్తిగా మూసుకోవడం లేదు, లేదా గాలి ఇంకో దొంగదారిన లోపలికి పోతోంది.

మేస్త్రి వరుసగా చూశాడు. ఇంజన్ వేడెక్కనిచ్చి చోక్ బటన్ పూర్తిగా లోపలికి పోయిందా అని ముందు చూశాడు. చోక్ వైరు పట్టేస్తే చల్లటి ఇంజన్ కోసం పెంచిన స్పీడు అలాగే ఉండిపోతుంది. ఇంజన్ ఆపి యాక్సిలరేటర్ కేబుల్‌ను కార్బురేటర్ దగ్గర విడదీశాడు. విడదీసి స్టార్ట్ చేస్తే చప్పుడు తగ్గిందంటే తప్పు కేబుల్‌దే; లోపలి తీగ పోగులు లేచి ఉండాలి, లేదా మరీ బిగుతుగా కట్టి ఉండాలి. మాది తగ్గలేదు. రేకును వెనక్కి లాగే స్ప్రింగును, రేకు అంచున నల్లటి మడ్డి పేరుకుందేమో కూడా చూశాడు. రెండూ బాగానే ఉన్నాయి.

ఇక మిగిలింది దొంగగాలి. ఇంజన్ నడుస్తుండగా వ్యాక్యూమ్ పైపులను ఒక్కొక్కటిగా వేళ్లతో నొక్కాడు. ఏ పైపు నొక్కితే చప్పుడు మారుతుందో అక్కడే చూడాలి. మారలేదు. అప్పుడు సబ్బునీళ్లు తెచ్చి డిస్ట్రిబ్యూటర్, ప్లగ్ వైర్ల మీద పడకుండా కార్బురేటర్ అడుగున చుట్టూ చుక్కచుక్కగా పోశాడు. ఒకవైపు నురుగు చటుక్కున లోపలికి పీల్చుకుపోయింది. ఒక్క క్షణం ఇంజన్ గొంతు మారింది.

"ఇగో, దొరికింది," అన్నాడు.

కొందరు ఈ పరీక్షకు పెట్రోలు చల్లుతారు. వేడి ఇంజన్ మీద పెట్రోలు అంటే నిప్పుతో ఆటే. సబ్బునీళ్లు చాలు.

ఇంజన్ చల్లారాక బ్యాటరీ వైరు తీసి కార్బురేటర్ విప్పాడు. కింది ప్యాకింగ్ ఎండి, ఒక మూల చిట్లిపోయి ఉంది. మన ఎండల్లో, ఇంజన్ వేడికి రబ్బరూ ప్యాకింగూ ఇన్నేళ్లు నిలవడమే గొప్ప. కొత్తది వేసి, నట్లను ఒకే పక్క బిగించకుండా ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాడు. ఒకేసారి బిగిస్తే అడుగు వంకరపోయి మళ్లీ సందు పడుతుంది. ఇవన్నీ చూసినా దొరకకపోతే ఇగ్నిషన్ టైమింగ్ ముందుకు జరిగిందేమో లైటుతో చూడాలన్నాడు. మాకు ఆ అవసరం రాలేదు.

స్క్రూడ్రైవర్ చేతికి తీసుకున్నది అప్పుడే. షెడ్డులో రెండుసార్లు తిప్పిన స్క్రూను చెవి పెట్టి వింటూ కొంచెం కొంచెంగా వెనక్కి తెచ్చాడు. మా బండిలో ఆర్పీఎం చూపే ముల్లు లేదు. మూడు సిలిండర్ల దడదడ సమంగా, తొందర లేకుండా వినపడే చోట ఆపాడు.

మూడోనాడు మేడారం తల్లులకు మొక్కు బెల్లం ఇవ్వడానికి పోయాం. నార్లాపూర్ దాటాక బండ్ల బారులో గంటకు పైగా నిలబడ్డాం. ఆగిన ప్రతిసారీ ఇంజన్ కాలు తీయగానే తగ్గి, కుదురుగా తిరుగుతూ ఎదురుచూసింది. అక్క వెనక సీట్లో బెల్లం ముద్ద ఒళ్లో పెట్టుకొని నిద్రపోయింది.