ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరాకు ఏ లెన్స్?

పెళ్లిలో వధూవరులు ఒకరి తలపై ఒకరు జీలకర్ర-బెల్లం పెట్టే క్షణం రెండోసారి రాదు. ముహూర్తం తెల్లవారుజామున మూడు గంటలకు కుదిరితే పగటి వెలుగు సాయం కూడా ఉండదు, ఫంక్షన్ హాలు దీపాలే దిక్కు. అప్పుడు ఫొటో ఎలా వస్తుందన్నది కెమెరా ఖరీదు కన్నా దానికి బిగించిన లెన్స్ మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. అయినా కొనేవారి లెక్క తరచుగా తలకిందులుగా సాగుతుంది. ఉన్న డబ్బంతా, ఒక్కోసారి వాయిదాల మీద తెచ్చింది కూడా, కెమెరా బాడీకే పోతుంది. లెన్స్ దగ్గరికి వచ్చేసరికి పెట్టెలో ఏది వస్తే అదే. బాడీ కొన్నేళ్లకే పాతబడిపోతుంది. జాగ్రత్తగా చూసుకున్న లెన్స్ రెండు మూడు బాడీలు మారినా పనిచేస్తూనే ఉంటుంది.

ఫుల్‌ఫ్రేమ్ అంటే 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న సెన్సర్. ఈ కొలత డిజిటల్ కాలంలో పుట్టింది కాదు. సినిమాలకు వాడే 35 మి.మీ. ఫిల్మును జర్మనీలోని లైట్జ్ కంపెనీలో పనిచేసిన ఆస్కార్ బర్నాక్ అడ్డంగా నడిపించి, చేతిలో ఇమిడే ఫొటో కెమెరా తయారుచేశాడు. 1925లో అది లైకా పేరుతో అమ్మకానికి వచ్చింది. ఫిల్ము పోయింది, కొలత మాత్రం మిగిలింది.

అద్దం తీసేస్తే ఏమైంది?

పాత ఎస్ఎల్ఆర్ కెమెరాల్లో లెన్స్‌కూ ఫిల్ముకూ మధ్య 45 డిగ్రీల వాలులో ఒక అద్దం ఉండేది. కాంతిని పైకి మళ్లించి వ్యూఫైండర్‌లో దృశ్యం చూపించడం దాని పని. ఫొటో తీసే క్షణంలో అది పైకి లేవాలి కాబట్టి దానికి చోటు వదలాల్సి వచ్చేది. అందుకే నికాన్ ఎఫ్ కెమెరాల్లో లెన్స్ కూర్చునే అంచు నుంచి సెన్సర్‌కు 46.5 మి.మీ., కెనాన్ ఈఎఫ్ కెమెరాల్లో 44 మి.మీ. ఎడం ఉండేది. అద్దం తీసేశాక ఆ దూరం నికాన్ జెడ్‌లో 16, సోనీ ఈ మౌంటులో 18, కెనాన్ ఆర్ఎఫ్‌లో 20 మిల్లీమీటర్లకు దిగింది. ఫుల్‌ఫ్రేమ్‌లో ఈ దారిని 2013లో సోనీ ఏ7 తెరిచింది. నికాన్, కెనాన్ 2018లో వచ్చి చేరాయి.

వినడానికి ఇది చిన్న మార్పు. లెన్స్ రూపకర్తకు మాత్రం సంకెళ్లు ఊడినంత పని. ఫోకల్ లెంగ్త్, అంటే పాఠ్యపుస్తకాలు చెప్పే నాభ్యంతరం, 24 మి.మీ. ఉన్న సాదా కటకం దూరపు దృశ్యాన్ని తన వెనుక 24 మి.మీ. దగ్గర కేంద్రీకరిస్తుంది. ఆ చోట అద్దం ఊగుతుంటే కటకాన్ని అక్కడ పెట్టడం కుదరదు. అందుకని ముందువైపు కాంతిని విడదీసే పెద్ద పుటాకార కటకాలు చేర్చి, ప్రతిబింబాన్ని వెనక్కి నెట్టేవారు. ఫ్రాన్స్‌కు చెందిన ఆంజెన్యూ కంపెనీ 1950లో ఈ తరహా లెన్స్‌ను నిశ్చల ఛాయాచిత్రాల కెమెరాల కోసం తెచ్చింది. అలా నెట్టినందుకు మూల్యం బరువు రూపంలో, అంచుల్లో మసక రూపంలో చెల్లించాల్సి వచ్చేది. మిర్రర్‌లెస్‌లో పెద్ద కటకాన్ని సెన్సర్‌కు దగ్గరగా పెట్టవచ్చు. వెడల్పు కోణపు లెన్సుల నాణ్యత ఈ పదేళ్లలో పెరగడానికి ఇదొక ముఖ్య కారణం. టెలిఫొటో లెన్సులకు ఈ లాభం దాదాపు లేదు, వాటి వెనుక మొదటినుంచీ చోటు చాలినంత ఉంది.

ఇంకో లాభం పాత లెన్సులున్న వారికి. 46.5లోంచి 16 తీసేస్తే 30.5 మి.మీ. మిగులుతుంది. అంత పొడవున్న ఖాళీ గొట్టం తగిలిస్తే నికాన్ పాత లెన్స్ కొత్త కెమెరాపై సరిగ్గా కూర్చుంటుంది. మధ్యలో గాజు అక్కర్లేదు కాబట్టి స్పష్టత తగ్గదు. అయితే లోపల మోటారు లేని పాత ఏఎఫ్-డీ రకం నికాన్ లెన్సులు ఆ కంపెనీ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌పై ఆటోఫోకస్ చేయవు. పాత లెన్స్ దగ్గరుంది కదా అని బాడీ కొనేవారు ముందుగా తేల్చుకోవాల్సిన సంగతి ఇది.

ఎంత దూరం, ఎంత కోణం

లెన్స్‌పై రాసి ఉన్న మిల్లీమీటర్లు ఎంత కోణం కనిపిస్తుందో చెబుతాయి. ఫుల్‌ఫ్రేమ్‌పై మూల నుంచి మూలకు 24 మి.మీ. లెన్స్ 84 డిగ్రీలు చూస్తుంది. 50 మి.మీ.ది 47, 85 మి.మీ.ది 29 డిగ్రీలు, 600 మి.మీ. లెన్స్‌ది కేవలం 4.

పులికాట్ సరస్సుకు వచ్చే రాజహంసల్లో ఒకటి 1.3 మీటర్ల ఎత్తుతో, 100 మీటర్ల దూరంలో నిలబడి ఉందనుకుంటే లెక్క ఇలా ఉంటుంది. 50 మి.మీ. లెన్స్‌తో సెన్సర్‌పై దాని బొమ్మ ఎత్తు 0.65 మి.మీ., చీమంత కూడా కాదు. 200తో 2.6 మి.మీ. వస్తుంది. 600తో 7.8 మి.మీ., అంటే ఫ్రేములో దాదాపు మూడో వంతు. పక్షుల కోసం పొడవాటి లెన్సులు ఎందుకు కొంటారో ఈ ఒక్క లెక్కలో ఉంది. కానీ ఎండెక్కాక సరస్సు మీద గాలి మరిగినట్టు కదులుతుంది. వేడి గాలి, చల్ల గాలి పొరల గుండా వచ్చే కాంతి వంకర్లు తిరుగుతుంది. ఆ మసకను ఎంత ఖరీదైన లెన్సూ సరిచేయలేదు. తెల్లవారగానే వెళ్లడం, వీలైతే పక్షిని బెదరగొట్టకుండా ఇంకాస్త దగ్గరవడం అన్నవి డబ్బు ఖర్చు లేని పరిష్కారాలు.

వెడల్పు కోణానికి దాని చిక్కు దానికుంది. బంధువులందరినీ ఒకే ఫ్రేములో ఇరికించాలని 16 మి.మీ. లెన్స్ వాడితే, చిట్టచివర నిలబడ్డ పెదనాన్నగారి తల ఎత్తుతో పోలిస్తే ఒకటిన్నర రెట్లు వెడల్పుగా పడుతుంది. ఇది లెన్స్ లోపం కాదు, గోళాన్ని బల్లపరుపు తలంపై ఏటవాలుగా పరచినప్పుడు రేఖాగణితం చేసే పని. 24 మి.మీ.తో అంచున ఆ సాగుదల 25 శాతం, 35తో 12 శాతం, 50తో 6 శాతం. నాలుగడుగులు వెనక్కి వేసి 35 వాడితే పెదనాన్నగారు పెదనాన్నగారిలాగే ఉంటారు. ఫంక్షన్ హాళ్లలో వెనక్కి నడిచే చోటు ఉంటుందా అన్నది వేరే సమస్య.

దగ్గరి నుంచి తీస్తే ముక్కు పెద్దదిగా కనిపించడం కూడా లెన్స్ తప్పే అనుకుంటారు. అసలు కారణం దూరం. ముఖానికి అరమీటరు దూరంలో ముక్కు, చెవుల మధ్య దూరాల తేడా లెక్కలోకి వస్తుంది, రెండు మీటర్ల దగ్గర రాదు. ఆ రెండు మీటర్ల నుంచి ముఖాన్ని ఫ్రేములో నిండుగా చూపగలదు కాబట్టే 85 మి.మీ.కు పోర్ట్రెయిట్ లెన్స్ అన్న పేరొచ్చింది.

వెలుగు లెక్క

ఎఫ్ సంఖ్య అంటే ఫోకల్ లెంగ్త్‌ను కాంతి ప్రవేశించే ద్వారం వ్యాసంతో భాగిస్తే వచ్చే అంకె. 50 మి.మీ., ఎఫ్/1.8 లెన్స్ ద్వారం సుమారు 28 మి.మీ. ఉంటుంది. కాంతి ద్వారం వైశాల్యాన్ని బట్టి వస్తుంది కాబట్టి ఎఫ్/4తో పోలిస్తే ఎఫ్/1.8 దాదాపు 5 రెట్లు కాంతిని లోపలికి రానిస్తుంది.

ఆ అయిదు రెట్లు ఎక్కడ తేడా చూపిస్తాయంటే: హాలులో సుమారు 160 లక్స్ వెలుగు ఉందనుకుంటే, ఐఎస్ఓ 3200 దగ్గర ఎఫ్/4 లెన్స్‌కు షట్టర్ వేగం 1/125 సెకను మాత్రమే దొరుకుతుంది. కదలకుండా కూర్చున్న జంటకు అది చాలు. తలంబ్రాలు పోసుకునేటప్పుడు చేతులూ బియ్యపు గింజలూ గీతలుగా సాగిపోతాయి. అదే వెలుగులో ఎఫ్/1.8 లెన్స్ 1/600 ఇస్తుంది. లెన్స్‌లో లేదా బాడీలో కుదుపు తగ్గించే ఏర్పాటు ఎంత గొప్పదైనా ఇక్కడ అక్కరకు రాదు. అది ఫొటోగ్రాఫర్ చెయ్యి వణుకును అణచగలదు కానీ వధువు చేతిని ఆపలేదు.

పెద్ద ద్వారానికి మూల్యం లోతు. 85 మి.మీ. లెన్స్‌ను ఎఫ్/1.8 దగ్గర, రెండు మీటర్ల దూరం నుంచి వాడితే స్పష్టంగా ఉండే పొర మందం సుమారు 6 సెంటీమీటర్లు. వధువు కన్ను ఆ పొరలో ఉండి, వరుడు ఒక జానెడు వెనక్కి కూర్చుంటే అతని ముఖం మసకబారుతుంది. మిర్రర్‌లెస్ కెమెరా సెన్సర్‌పైనే ఫోకస్ కొలుస్తుంది, కన్నును గుర్తుపట్టి వెంటాడుతుంది. అయినా ఇద్దరి ముఖాలూ కావాలంటే ద్వారం కుదించక తప్పదు.

అలాగని కుదిస్తూ పోయినా మేలు లేదు. కాంతి తరంగం కాబట్టి సన్నని రంధ్రం దాటగానే విస్తరిస్తుంది. దీన్నే వివర్తనం అంటారు. ఆకుపచ్చ కాంతి బిందువు ఎఫ్/8 దగ్గర సుమారు 11 మైక్రాన్ల వ్యాసమున్న చుక్కగా, ఎఫ్/16 దగ్గర 21 మైక్రాన్ల చుక్కగా పడుతుంది. 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ 6 మైక్రాన్లు. అంటే ఎఫ్/16 దగ్గర ఒక్క బిందువు మూడు నాలుగు పిక్సెళ్ల మేర పరుచుకుంటుంది. ప్రకృతి దృశ్యాలకు చాలామంది ఎఫ్/8, ఎఫ్/11 దగ్గర ఆగడానికి కారణం ఇదే. ఇక్కడ లక్ష రూపాయల లెన్సూ పది వేల లెన్సూ ఒకే నియమానికి లోబడతాయి.

వణుకు సంగతికొస్తే, చెయ్యి 0.1 డిగ్రీ కదిలితే 50 మి.మీ. లెన్స్‌తో సెన్సర్‌పై బొమ్మ 0.09 మి.మీ. జరుగుతుంది, 600తో ఒక మిల్లీమీటరు దాటుతుంది. చిన్న లెన్సులకు బాడీలో సెన్సర్‌ను కదిలించే పద్ధతి బాగా సరిపోతుంది. పొడవాటి లెన్సులకు మాత్రం సెన్సర్ అంత దూరం, అంత వేగంగా పరుగెత్తాల్సి రావడం కష్టం. వాటిలోనే కుదుపు తగ్గించే కటకం ఉందో లేదో చూసి కొనాలి.

ఆ పొడవాటి లెన్సుల్లో బరువుకు కారణం కూడా ఎఫ్ సంఖ్యే. 600 మి.మీ. ఎఫ్/4 అంటే ద్వారం 150 మి.మీ. ముందు కటకం చిన్న పళ్లెమంత. మొత్తం బరువు సుమారు 3 కిలోలు. కెనాన్ 2020లో ఇందుకు పూర్తిగా ఎదురు దారిలో 600 మి.మీ. ఎఫ్/11 లెన్స్ తెచ్చింది, బరువు 930 గ్రాములు. కాంతి ఎనిమిదో వంతుకు దగ్గరగా తగ్గుతుంది, ద్వారం మార్చడానికీ వీల్లేదు. అద్దమున్న కెమెరాలో అలాంటి లెన్స్ పనికొచ్చేది కాదు. వ్యూఫైండర్ చీకటిగా ఉండేది, ఫోకస్ యంత్రాంగమూ మొరాయించేది. పట్టపగలు పక్షులను చూసే విద్యార్థికి అది అవమానకరమైన ఎంపిక ఏమీ కాదు.

జూమా, స్థిర లెన్సా?

జూమ్ లెన్స్‌లో పదిహేను, ఇరవై గాజు కటకాలు ఉండటం మామూలే. పూత లేని గాజు ప్రతి ఉపరితలం దగ్గర సుమారు 4 శాతం కాంతిని వెనక్కి కొడుతుంది. అలాంటివి 24 ఉపరితలాలుంటే చివరికి చేరేది 38 శాతమే. మిగతాది లోపలే తిరిగి తెల్లని పొగలా బొమ్మపై పరుచుకుంటుంది. జైస్ కంపెనీలో అలెగ్జాండర్ స్మాకులా 1935లో రూపొందించిన సన్నని పూత ఈ పరిస్థితిని మార్చింది. ప్రతిఫలనాన్ని అర శాతానికి తగ్గిస్తే అవే 24 ఉపరితలాల గుండా 89 శాతం కాంతి వెళుతుంది. ఇప్పటి జూమ్‌లు ఆ పూత పుణ్యమే.

కాబట్టి స్థిర లెన్సే ఎప్పుడూ మేలన్న పాత మాట ఇప్పుడు పూర్తిగా నిలవదు. 24-70 ఎఫ్/2.8 జూమ్ పెళ్లి పనికి వెన్నెముక లాంటిది, మధ్యలో లెన్స్ మార్చే వ్యవధి అక్కడ ఉండదు. ధర మాత్రం బాడీతో పోటీ పడుతుంది. అంత పెట్టలేనివారు 35, 85 మి.మీ.ల ఎఫ్/1.8 లెన్సులు రెండూ కొంటే తరచుగా అంతకన్నా తక్కువలో పని జరుగుతుంది, చీకట్లో ఇంకా మెరుగ్గా. బాడీని ఒక మెట్టు తగ్గించి, మిగిలిన డబ్బుతో ఈ రెంటిలో ఒకటి కొన్నవారు నష్టపోరు.

కొనేటప్పుడు అక్షరాలు చదవాలి. సోనీలో ఎఫ్ఈ అని లేని ఈ మౌంటు లెన్సులు, నికాన్‌లో డీఎక్స్, కెనాన్‌లో ఆర్ఎఫ్-ఎస్ అని ఉన్నవి చిన్న సెన్సర్ కోసం చేసినవి. అవి ఫుల్‌ఫ్రేమ్ బాడీకి చక్కగా బిగుస్తాయి. కానీ వాటి బొమ్మ సెన్సర్‌ను నింపదు. కెమెరా మధ్య భాగాన్నే కత్తిరించి తీసుకుంటుంది, 24 మెగాపిక్సెళ్లు 10కి పడిపోతాయి. ఫుల్‌ఫ్రేమ్‌కు పెట్టిన డబ్బు వృథా.

సెకండ్ హ్యాండ్ లెన్స్‌కు ఇంకో పరీక్ష ఉంది. విశాఖపట్నం, మచిలీపట్నం వంటి తీర ప్రాంతాల తేమలో కటకాల మధ్య బూజు పెరుగుతుంది. అది వదిలే ఆమ్లాలు పూతను, ముదిరితే గాజునూ తినేస్తాయి. ద్వారం పూర్తిగా తెరిచి, వెనుకవైపు నుంచి టార్చి వేసి ముందునుంచి చూస్తే సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తాయి. పోగులు లేకుండా సన్నని ధూళి మాత్రమే ఉంటే భయం లేదు, బొమ్మలో కనబడదు. కొన్నాక తోలు సంచిలో పెట్టి బీరువాలో మరిచిపోకూడదు. మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు, చిన్న తేమ మీటరు పెట్టి, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూస్తే చాలు. రంగు మారే రకం సిలికా జెల్ అయితే తేమ పీల్చుకున్నాక రంగు మారి కనిపిస్తుంది, దాన్ని వేడి చేసి ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు.