అమ్మానాన్నలు ఆరోగ్యంగా ఉన్నా.. బిడ్డకు థలసీమియా ఎందుకు?

పదో తరగతిలో మెండల్ బఠాణీ మొక్కల పాఠం గుర్తుందా? రెండు పొడవు మొక్కలకు ఒక్కోసారి పొట్టి మొక్క పుడుతుందని చదువుకున్నారు కదా. అదే సూత్రం మన రక్తానికీ వర్తిస్తుంది. విద్యార్థులు తరచూ అడిగే సందేహాలివి.

ఇద్దరికీ జబ్బు లేదు కదా, బిడ్డకెలా వచ్చింది?
హిమోగ్లోబిన్ తయారీకి తోడ్పడే బీటా గ్లోబిన్ జన్యువు 11వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి.. ఇలా మనకు రెండు ప్రతులు వస్తాయి. ఒకటి లోపించినా రెండోది పని నెట్టుకొస్తుంది. కాబట్టి పెద్దగా ఇబ్బంది ఉండదు. వీరినే వాహకులు అంటారు. బిడ్డకు రెండు ప్రతులూ లోపంతోనే వస్తే థలసీమియా మేజర్ అవుతుంది.

ముప్పు నాలుగో వంతంటే.. మొదటి బిడ్డకు వస్తే తర్వాతి ముగ్గురికీ రాదా?
కానే కాదు. చాలామంది పొరపడేది ఇక్కడే. బొమ్మాబొరుసూ వేసినప్పుడు నాణేనికి కిందటిసారి ఏం పడిందో గుర్తుండదు. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, వాహకులయ్యే అవకాశం 50 శాతం ఉంటుంది.

రక్తం ఎక్కిస్తే నయం కాదా?
ఎర్రరక్తకణాల ఆయుష్షు సుమారు 120 రోజులే. ఎక్కించిన కణాలు నశించిపోతాయి. ఎముక మజ్జ మాత్రం పాత జన్యువుతోనే కొత్తవాటిని తయారుచేస్తుంది. అందుకే 2-4 వారాలకోసారి రక్తం ఎక్కించాలి. దీంతో ఒంట్లో పేరుకునే ఇనుమును తొలగించే మందులూ వాడాలి. తగిన దాత దొరికితే మజ్జ మార్పిడితో నయమయ్యే అవకాశముంది.

ముందే తెలుసుకోవచ్చా?
తెలుసుకోవచ్చు. రక్తకణాల లెక్కతో పాటు హిమోగ్లోబిన్ ఏ2 పరీక్ష చేస్తే బయటపడుతుంది. వాహకుల్లో కొద్దిపాటి రక్తహీనత ఉండొచ్చు. దీన్ని ఇనుము లోపమని పొరపడుతుంటారు. ఐరన్ మాత్రలు వాడినా హిమోగ్లోబిన్ పెరగకపోతే డాక్టరును అడిగి ఈ పరీక్ష చేయించుకోండి. మేనరికాల్లో ఇద్దరికీ ఒకే లోపం వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి మరింత జాగ్రత్త అవసరం.

వాహకులు పెళ్లి చేసుకోకూడదా?
నిక్షేపంగా చేసుకోవచ్చు. భాగస్వామికి హిమోగ్లోబిన్ జన్యులోపాలేవీ లేకపోతే పిల్లలకు మేజర్ రాదు. ఇద్దరూ వాహకులైతే గర్భం ధరించకముందే జన్యు నిపుణులను కలవండి. గర్భం తొలి నెలల్లోనే పరీక్షించే వీలుంది. జాతకాల కన్నా ముందు రక్తపరీక్ష ఫలితాలు చూసుకోవటం మేలు.