మన ఎంగిలి మనపై సాక్ష్యం

ఇటీవల ఆత్మకూరులో ఒక వలీమా విందుకు హాజరయ్యాను. భోజనాలయ్యాక బయటికి వస్తే, షాదీఖానా వెనుక ప్లాస్టిక్ చెంచాలు, గ్లాసులు, సగం తిని వదిలిన బిర్యానీ ప్లేట్లు గుట్టగా పడి ఉన్నాయి. అందులో నా ప్లేటు కూడా ఉంది. దుబారా చేయరాదని అంతకు ముందు శుక్రవారమే మస్జిదులో బోధించినవాణ్ణి నేను! సిగ్గుతో తల దించుకున్నాను.

చెత్తను పారవేసిన మరుక్షణం మనం మరచిపోతాము. మరచిపోనివ్వరాదని కొందరు కళాకారులు దానికి శాశ్వత రూపమిచ్చారు. బ్రిటన్ శిల్పి గావిన్ టర్క్ 2000లో నిండిన చెత్త సంచిని కంచుతో పోతపోయించి నల్లరంగు వేశాడు. చూపరులు దానిని నిజమైన సంచి అనే భ్రమపడతారు. క్రీస్తు పూర్వం రెండవ శతాబ్దంలో, నేటి తుర్కియేలోని పెర్గమం నగరంలో సోసస్ అనే కళాకారుడు విందు తర్వాత ఊడ్వని నేలను రంగురాళ్లు పొదిగి చిత్రించాడు. దానిని అనుసరించి చేసిన రోమన్ చిత్రం 1833లో రోమ్‌లో బయటపడింది. చేప ముళ్లు, కోడి ఎముకలు, గుల్లలు అందులో నేటికీ కనిపిస్తాయి.

ప్రాణుల ప్రతిమలను మన ధర్మపండితులు సమ్మతించరు. అయితే చెట్లను, నిర్జీవ వస్తువులను చిత్రించుకోవచ్చని హజ్రత్ ఇబ్ను అబ్బాస్ (రజి) ఒక చిత్రకారునికి సూచించినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. ప్రాణంలేని ఆ కంచు సంచి నుండి మనం గుణపాఠం గ్రహించవచ్చు.

నిజానికి మన చెత్తకు కంచు పోత అవసరం లేదు. ప్లాస్టిక్ చెంచా దానంతటదే మట్టిలో కలవక తరాల పాటు నిలుస్తుంది. 2022 జూలై 1 నుండి దేశమంతటా దానిని నిషేధించినా మన విందుల్లో వడ్డన ఆగలేదు. మన పొరుగున ఉదయగిరిలో ముస్లిం స్త్రీలు కొయ్య చెంచాలు చెక్కుతున్నారు. అవి ఏళ్ల తరబడి మన్నుతాయి, విరిగితే మట్టిలో కలుస్తాయి.

జారిపడిన ముద్దను సైతం శుభ్రపరచి తినమని దైవప్రవక్త (స) బోధించారు. దారిలోని హానికర వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక శాఖ అన్నారు. దుబారా చేసేవారు షైతానుల సోదరులని దివ్య ఖుర్ఆన్ హెచ్చరించింది.

ఇకపై ఏ విందులోనైనా తినగలిగినంతే వడ్డించమని అడగాలని నిశ్చయించుకున్నాను. మీరూ మీ ఇంటి శుభకార్యాన్ని ఆ విధంగానే జరుపుకోండి. ప్రతి అనుగ్రహానికీ రేపు లెక్క చెప్పవలసిన మనకు అల్లాహ్ ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.